దారంతో కొలిచిన దూరం

మా పిల్లల చిన్నప్పుడు... అంటే తొంభైల్లో... ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్సులో, ఓ మే నెల మధ్యాహ్నం, మావారు నేలమీద బోర్లా పడుకుని పిల్లల అట్లాసు మీద నా కుట్టుపెట్టెలోని నల్లదారం పరిచారు. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు దూరం కొలుస్తున్నారట.

"పన్నెండొందల యాభై కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలు, అంతే. రైల్లో అయితే ఒక రోజు పైనే!"

మా వాణికి అప్పుడు తొమ్మిదేళ్ళు. సెలవులకు దాన్ని మా చెల్లెలి ఇంటికి ఒంటరిగా విమానంలో పంపాలన్న మహత్తర ఆలోచన ఆయనదే. ఆయనకూ నాకూ ఆఫీసుల్లో సెలవు దొరకలేదు... విమానంలో సీటు మాత్రం దొరికింది.

"పిల్లను ఒక్కదాన్నా?" అన్నాను.

"ఎయిర్ హోస్టెస్ చూసుకుంటుందే. ఆకాశంలో తప్పిపోవడానికి సందులున్నాయా, గొందులున్నాయా?"

మూడున్నరకు విమానం. ఎయిర్‌పోర్టులో వాణి మెళ్ళో పేరు రాసిన అట్ట వేసి, యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "పద, ఆరింటికి చేరామని ఫోను వస్తుంది, మనం ఇంటి దగ్గరుండాలి" అని ఈయన తొందర. విమానం లేవడం చూడకుండానే ఆటో ఎక్కాం.

ఇల్లు చేరేసరికి ఆంధీ... ఢిల్లీ వేసవి గాలిదుమారం. ఆకాశం పచ్చబడి, బూడిదరంగుకు తిరిగింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు, ఎవరిదో కూలరు మూత, ఎండుటాకులు... అన్నీ గాల్లో. గడియారం చూశాను. మూడు నలభై. నా పిల్లా గాల్లోనే...

ఫోను కింది క్వార్టరులో పంజాబీ ఆవిడ ఇంట్లో ఉండేది. ఐదింటికే వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. ఆరయింది. ఆరున్నర. పనిచేస్తోందో లేదోనని రిసీవరు ఎత్తి చూడటం, పెట్టడం...

"అరే దీదీ, రఖ్ దో! మీరు ఎత్తి పట్టుకుంటే అదెలా మోగుతుంది?" అని కసిరింది ఆవిడ. కసిరి, తనే వాహేగురూ అనుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

ఏడయింది. లెక్కల్లో దిట్ట అయిన మావారూ కిందికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. జేబులోంచి ఆ నల్లదారం తీసి వేలికి చుడుతూ, విప్పుతూ... వేలి కొస తెల్లబడిపోయింది. నేను ఆయన్ని తిట్టడం కూడా మరిచిపోయానంటే, నన్నెరిగినవాళ్ళకు నా భయం అర్థమవుతుంది.

ఏడు నలభైకి మోగింది. మా చెల్లెలు.

"అక్కా, ఇప్పుడే ఇల్లు చేరాం. గాలిదుమారం తగ్గేదాకా, ఐదింటి వరకూ విమానం ఢిల్లీలోనే, నేలమీదే ఉందట!"

అంటే... నేను దాన్ని ఆకాశంలో, తుపాను మధ్య ఊహించుకుని వణికిన ఆ గంటన్నరా నా పిల్ల మా ఇంటికి ఆటో దూరంలో ఉంది!

ఇంతలో వాణి ఫోను లాక్కుంది. "మమ్మీ! విమానం అక్కడే ఆగిపోయిందిగా... కిటికీలోంచి మీకు ఎంతసేపు చెయ్యి ఊపానో! కనిపించానా?"

"కనిపించావమ్మా," అన్నాను. "మేమూ ఊపాం."

ఇప్పుడు వాణి నెలకు నాలుగుసార్లు విమానం ఎక్కుతుంది. మనవరాలు నా ఫోనులో దాని విమానాన్ని ఒక చుక్కలా చూపిస్తుంది... ఎంత దూరం, ఎన్ని నిమిషాలు, అన్నీ అందులోనే. దారం అక్కర్లేదు. ఆ చుక్క ఒక్క క్షణం కదలకపోతే మాత్రం నా గుండె ఇప్పటికీ ఆ పంజాబీ ఆవిడ ఇంట్లోనే ఉంటుంది.

మీరూ ఫోను పక్కన ఇలా కూర్చున్నారా? ఎవరి కోసం? చెప్పండి... ఈలోగా వాణి ఇది చదివి, ముప్ఫయ్యేళ్ళనాటి అబద్ధానికి నన్ను నిలదీయడానికి ఫోను చేస్తుంది. చెయ్యనీ. మోగితే చాలు.