నీళ్లు తాగిన తుమ్మచెట్టు

మా అమ్మాయి బాలింత. పొద్దున తన కోసం నేతిలో తుమ్మబంక వేయించాను. పలుకులు చిటపటమని పొంగి పేలాల్లా తెల్లబడ్డాయి. ఆ వాసనకు సింహాద్రిపురంలోని మా జేజి, అదే మా నాన్నమ్మ, గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మేనత్త కాన్పుకు వచ్చింది. బంక లడ్డూలకు జేజి మా చేను గట్టు మీది నల్లతుమ్మనే నమ్ముకుంది. ఎండలు ముదరగానే కొడవలితో బెరడును అక్కడక్కడా గీసింది. ఆ గాట్లలోంచి తేనెరంగు బంక ఊరి గాలికి గట్టిపడేది. కుడితి పెడితే బర్రె పాలెక్కువ ఇస్తుంది కదా, చెట్టూ అంతేనని నాకు గట్టి నమ్మకం. రోజూ సాయంత్రం తొట్టిలోంచి రెండు బిందెల నీళ్లు మోసి, ఎవరూ చూడకుండా దాని మొదట్లో పోశాను.

పది రోజులకు బంక ఆగిపోయింది. జేజి వంగి చెట్టు మొదట్లో మన్ను తడిమి చూసింది.

“ఈడ నీళ్లు పోసిందెవరే?”

“నేనే జేజీ. బంక శానా వస్తాదని.”

“ఎండకు ఎండితేనే అది బంక కారుస్తాది. కడుపు నిండినాక ఏమిటికి ఇస్తాది?”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వేంపల్లె అంగడి నుంచి బంక తెప్పించి లడ్డూలు చుట్టింది. సాయంత్రం బిందె తెచ్చి నా చేతికిచ్చింది.

“చెట్టును నీళ్లకు మరిగించినావు గదా. ఇంగ పోసేది మానగాకు.”

జేజి ఆ చెట్టును మళ్లీ గీయలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో బాలింతలకు అంగడి బంకే. చెట్టు మాత్రం గట్టు మీద అట్లే ఉంది, నా రెండు చేతులకూ అందనంత లావుగా.