ఫోన్ ఆయనది

మొన్న ఉదయం నాంపల్లిలో మెట్రో ఎక్కాను. పక్క సీటులో ఒక పెద్దాయన ఫోన్‌ను చెవికి ఆనించుకుని వాయిస్ మెసేజ్ వింటున్నాడు. ఎవరో ఆడమనిషి గొంతు, కాస్త బొంగురుగా, బయటికి వినిపించింది. "వానొచ్చేటట్టున్నది, జర జల్ది రా." అంతే మెసేజ్. ఆయన మళ్ళీ పెట్టుకుని విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు. బయట వాన లేదు, ఎండ కాస్తోంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. కానీ దిగేదాకా నా మనసంతా ఎస్తేరు మేడమ్ దగ్గరే ఉండిపోయింది.

ఆబిడ్స్‌లో ఒక సందులో, మూడో అంతస్తులో, మందుల షాపులకు సరుకు పంపే ఒక కంపెనీ ఆఫీసు ఉండేది. నా మొదటి ఉద్యోగం అక్కడే. కంప్యూటర్ విభాగమంటే మేమిద్దరమే: యాభై దాటిన ఎస్తేరు మేడమ్, కాచిగూడ నుంచి బస్సులో వచ్చే నేను. ఆమెది మెదక్. తండ్రి మిషన్ బడిలో పంతులు. ఆమె మాటలో ఊరి యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆమె అనుకోనూ లేదు. నేను చేరిన కొత్తల్లోనే మా జనరల్ మేనేజర్ తన ఇంటి టాబ్లెట్‌ను మీటింగుకు పట్టుకొచ్చి, ఆఫీసు మెయిల్ దాంట్లో రావాలన్నారు. వారం తిరక్కుండా అందరూ ఎవరి ఫోన్ వాళ్ళు పట్టుకుని మా గదికి వచ్చారు. సొంత ఫోన్లలోకి ఆఫీసు పనిని రానిస్తే ప్రమాదమని నేను చదువుకున్నాను. అదే ఆమెతో అన్నాను. "తలుపు మూస్తే కిటికీలకెల్లి వస్తరు బిడ్డా. తలుపే తీద్దాం. కని ఎవరొస్తున్నరో చూసుకుంట కూసుందాం," అంది.

గోదాము చూసే యాదగిరికి కంపెనీ ఒక టాబ్లెట్ ఇచ్చింది. అది పనిచేయడం లేదని ఆయన రోజూ ఫిర్యాదు చేసేవాడు. ఆయనకు వాడటం రాదని నేను తేల్చేశాను. మేడమ్ నన్ను కిందికి తీసుకెళ్ళి, "స్క్రీన్ చూడకు. ఆయన చేతులు చూడు," అంది. ఏళ్ళ తరబడి అట్టపెట్టెలు విప్పి విప్పి ఆయన వేళ్ళ కొనలు బిరుసెక్కి పగిలిపోయి ఉన్నాయి. ఎంత నొక్కినా స్క్రీన్ ఆ వేళ్ళను గుర్తుపట్టడం లేదు. మర్నాడు మేడమ్ స్క్రీన్ మీద రాసే పెన్ను ఒకటి తెచ్చి ఆయన జేబుకు తగిలించింది. నాకు సిగ్గేసింది. కానీ పాఠం అప్పటికింకా ఒంటబట్టలేదు.

నర్సింగరావు గారు మా సేల్స్‌మన్. షాపుషాపుకూ తిరిగి ఆర్డర్లు తీసుకుని, తన సొంత ఫోన్ నుంచే పంపేవారు. ఒకరోజు పొద్దున ఆయన ఒక షాపు నుంచి వేరేవాళ్ళ ఫోన్‌తో మాట్లాడి, ఆఫీసుకు వచ్చిన ఆటోలో తన ఫోన్ మరిచిపోయానని చెప్పారు. మేడమ్ సెలవులో ఉంది. పోయిన ఫోన్‌ను ఆఫీసు నుంచే పూర్తిగా ఖాళీ చేసేయవచ్చు, దానికి అందరూ ముందే సంతకాలు పెట్టి ఉన్నారు. రెండు నిమిషాల్లో నొక్కేశాను. ఎంత చురుగ్గా పనిచేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. గంట తిరక్కుండా ఆ ఆటో డ్రైవరే, పొద్దున ఆయన్ని దింపిన చోటు గుర్తుపెట్టుకుని, మా గేటు దగ్గరికి వచ్చి ఫోన్ ఇచ్చి వెళ్ళాడు. నర్సింగరావు గారు షాపుల నుంచి వచ్చి, దాన్ని తెరిచి చూసి, నా టేబుల్ దగ్గరికి వచ్చారు. "అమ్మా, దీంట్ల మా ఆమె మాటలుండె. మల్ల వస్తయా?" అని అడిగారు. ఆమె చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఫోన్‌లోవి ఇంకోచోట దాచుకోవాలని ఆయనకు తెలియదు. రావని చెప్పాను. ఆయన మళ్ళీ బ్యాగు తగిలించుకుని షాపులకు వెళ్ళిపోయారు.

మర్నాడు మేడమ్‌తో, "నియమం ప్రకారమే చేశాను," అన్నాను.

"ఔ, నియమం నేను పెట్టిందే. ఫోన్‌కు తాళమేసి జరసేపు ఆగచ్చు గదా? ఆయనను ఒక్క మాట అడగచ్చు గదా?"

ఆ సాయంత్రం ఇద్దరం నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న ఆయన ఇంటికి నడిచి వెళ్ళాం. ఆయనే చాయ్ పెట్టి ఇచ్చారు. మేడమ్ గ్లాసు ముట్టుకోకుండానే, "తప్పు మాది సార్. మీతోని సంతకం పెట్టించుకున్న కాయితం ఇంగ్లీషుల ఉండె. అందుల ఏమున్నదో నేను మీకు చెప్పలే," అంది.

ఆయన నెమ్మదిగా, "చెప్పినా పెట్టెటోన్నే మేడమ్. కొలువు గదా," అన్నారు. గ్లాసు మేడమ్ ముందుకు జరిపి, "ఫోటోలు మా బిడ్డ తాన ఉన్నయి. గొంతే నా దాంట్ల ఉండె," అన్నారు.

ఆయన భార్య ఇంకెవరికైనా వాయిస్ మెసేజ్‌లు పంపేదా అని మేడమ్ అడిగింది. జనగామలో ఆమె చెల్లెలుందని ఆయన చెప్పారు. ఆదివారం చర్చి అయ్యాక మేడమ్ నన్ను వెంటబెట్టుకుని జనగామ బస్సెక్కింది. ఆ చెల్లెలిది పాత ఫోన్. తీసేయడం రాక ఆమె ఏ మెసేజూ తీసేయలేదు. పదకొండు దొరికాయి.

సోమవారం మా గదిలో నర్సింగరావు గారు మొదటిది విన్నారు. "మీ బావకు ఎన్నిసార్లు చెప్పినా గంతే. తడి తువాల తెచ్చి మంచం మీదనే ఏస్తడు." ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. పదకొండూ విన్నాక కళ్ళు తుడుచుకుని, "అన్నీ నా మీది చాడీలే," అన్నారు. ఆమె ఆయనతో మాట్లాడిన మాటలు మాత్రం ఇక రాలేదు.

ఆ వారమే మేడమ్ జనరల్ మేనేజర్ గదికి వెళ్ళింది, నన్నూ రమ్మంది. ఇకమీదట ఫోన్లలో ఆఫీసు పనికి వేరే అర ఉండాలని, తీస్తే ఆ అర ఒక్కటే తీయాలని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. పోయిన ఫోన్‌లో కంపెనీ వివరాలు మిగిలిపోతే ఎవరు జవాబుదారీ అన్నారు.

"ఫోన్ ఆయనది సార్. మనం అందుల కిరాయికున్నోళ్లం. ఖాళీ చేసేటప్పుడు మన సామాను మనం తీస్కపోవాలె. ఇల్లు కూలగొడ్తమా?"

మార్పు జరిగేదాకా ఏ ఫోన్‌నూ తాను పూర్తిగా ఖాళీ చేయనని, కావాలంటే ఆ మాట రాసిస్తానని మేడమ్ చెప్పింది. రాసిచ్చింది కూడా. రెండు నెలల్లో మార్పు జరిగింది. కొత్త కాగితాన్ని ఆమే తెలుగులో, ఒక్క పేజీలో రాసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చదివి వినిపించింది. ఆ ఏడు ఆమెకు రావలసిన విభాగాధిపతి పదవి బయటినుంచి వచ్చిన మరొకరికి వెళ్ళింది. ఆయన కింద మూడేళ్ళు పనిచేసింది. దాని గురించి ఆమె నోట ఒక్క మాటా వినలేదు. బాధపడలేదని మాత్రం నేను చెప్పలేను. ఆయన వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు అన్నం డబ్బా సగం తిని మూసేసేది.

రిటైరైన రోజున దండలూ ఫోటోలూ అయ్యాక, తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఆఫీసుది తీసెయ్," అంది. నేను నొక్కబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"ఏం తీస్తవో ముందుగాల చెప్పు."

"ఆఫీసు మెయిల్. ఆర్డర్లు. స్టాకు పట్టీలు."

"ఏం ముట్టవు?"

"మీ ఫోటోలు. మీ మెసేజ్‌లు. మీ పాటలు."

"ఆఁ. గిప్పుడు నొక్కు."

నొక్కాను. ఆమె ఫోన్ తీసుకుని, తెరిచి చూసుకోకుండానే సంచిలో వేసుకుని మెట్లు దిగింది. రెండేళ్ళ తర్వాత మెదక్‌లోనే కన్నుమూసింది.

ఇప్పుడు ఖైరతాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసులో వందలమంది ఫోన్ల బాధ్యత నాది. ఉద్యోగం మానేసి వెళ్ళేవాళ్ళు చివరిరోజున నా దగ్గరికి వస్తారు. ఏం తీస్తానో, ఏం ముట్టనో వాళ్ళకు పైకి చెప్తాను. తెలుగు వచ్చినవాళ్ళకు తెలుగులో, లేకపోతే నాకొచ్చిన ఉర్దూలో. కొందరికి తొందర. "తెలుసు మేడమ్, కానివ్వండి," అంటారు. అయినా మొత్తం చెప్తాను. వాళ్ళు విని తలూపేదాకా నా వేలు స్క్రీన్ మీదికి పోదు.