పొగిడిన మర్నాడు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాయలు కదిలొచ్చే బెల్టు దగ్గర పనిచేసే ఆడవాళ్ళతో మొదటిసారి మాట్లాడే ముందు, ఆ నాలుగు మాటలనూ నేను మామిడికాయలకు చెప్పి చూసుకున్నాను. మాగేసే షెడ్డులో, తలకన్నా ఎత్తుగా పేర్చిన క్రేట్ల ముందు నిలబడి, చేతులు నలుపుకోకుండా, నేల చూడకుండా చెప్పాను. తోతాపురి కాయలు బుద్ధిగా విన్నాయి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ మాది. అంతకుముందు నేను ల్యాబ్‌లో ఉండేదాన్ని. గుజ్జు తీపి, పులుపు కొలిచి రాసుకుంటే చాలు, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునే నాలాంటిదానికి సరిపోయిన ఉద్యోగం. ఆ సీజన్‌లో బెల్టు సూపర్‌వైజర్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో మేనేజర్ నన్ను ఆమె స్థానంలో వేశాడు. ముందుగా తిరుపతిలో ఒక హోటల్ హాల్లో నాయకత్వ శిక్షణకు పంపించాడు. తప్పు చేసినవాళ్ళను పక్కకు పిలిచి చెప్పాలి, బాగా చేసినవాళ్ళను నలుగురిలో పేరు పెట్టి మెచ్చుకోవాలి, చప్పట్లు కొట్టించాలి అని అక్కడ నేర్పారు.

బెల్టు మొదట్లో నిలబడి కుళ్ళు కాయలు ఏరేసే ఆమెను నేను అత్తా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. ల్యాబ్‌లో ఒంటరిగా తింటున్నానని, మధ్యాహ్నం తన డబ్బాలోంచి నాకింత ఊరుబిండి పచ్చడి పంపేది. శిక్షణ నుంచి వచ్చిన మర్నాడు ఒక క్రేటు బోర్లించి ఎక్కి, ఆమె పేరు చెప్పి, ఇంత చురుగ్గా, ఇంత శుభ్రంగా పనిచేసేవాళ్ళు మనలో ఇంకొకరు లేరన్నాను. అందరినీ చప్పట్లు కొట్టమన్నాను. తడి గ్లవ్స్‌తో కొట్టిన చప్పట్లు మెత్తగా మోగి ఆగిపోయాయి. అత్త టోపీని నుదుటి మీదికి లాక్కుంది.

"సాల్లే పాపా, దిగు," అంది.

మర్నాడు ఆమె రాలేదు. చలిజ్వరమన్నారు.

"జ్వరం కాదు మే, దిష్టి," అంది ఆమె పక్కన నిలబడే ఆవిడ, కత్తి తుడుచుకుంటూ. "నరుని కంటికి నల్లరాయి పగుల్తాది. అంతమంది చేత చప్పట్లు కొట్టిస్తే ఏమైతాది?" తర్వాత నావైపు తిరిగింది. "తల్లీ, నన్ను మాత్రం పొగడబాక. ఇంట్లో సంటిబిడ్డ ఉండాది."

అందరూ నవ్వారు. కానీ ఆ పూట నుంచే చేతులు నెమ్మదించాయి. మెప్పు తన మీద ఎక్కడ పడుతుందోనని ఒకరికంటే ఒకరు వెనకబడుతున్నారు. షెడ్డులో కాయలు మెత్తబడసాగాయి. మేనేజర్ వచ్చి చూసి, "ట్రైనింగ్‌కు పంపించింది బెల్టు నిలబెట్టేదానికా అమ్మా? ఇట్లే ఉంటే సోమవారం నుంచి మళ్ళీ ల్యాబ్‌కు పో," అన్నాడు.

ఆ మాటకు నాకు హాయిగా ఉండాలి. ఉండలేదు. వాళ్ళ కబుర్ల మధ్య, ఆ మామిడి వాసన మధ్య నిలబడటం నాకు ఇష్టమైపోయిందని అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళ ఆటోలోనే అత్త వాళ్ళ ఊరికి వెళ్ళాను. దారిలో అంగట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు కొన్నాను. అత్త వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. జ్వరం దిగినట్టే ఉంది గానీ ముఖం వాడిపోయింది.

"ఏం పాపా, ఇంత దూరం వస్తివి?"

"దిష్టి తీద్దామని అత్తా."

"నువ్వా? ఎప్పుడన్నా తీసినావా?"

"లేదు."

ఆమె నవ్వబోయి దగ్గింది. "సిన్నోళ్ళు పెద్దోళ్ళకి తీసేది యాడన్నా ఉండాదా? ఆ ఉప్పు ఇట్లియ్యి. నువ్వు తూర్పు మొగంగా కూసో."

నాకెందుకని అడిగేలోపే ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టి నా చుట్టూ తిప్పింది. ఇరుగు, పొరుగు అని ఏదో గొణిగి, పిడికిలి నా ముందు పెట్టి ఉమ్మమంది. తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. ఇద్దరం ఎదురుచూశాం. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. రాలేదు.

"సూసినావా, ఎంత ఉన్నిందో."

"నాకెవరు పెడతారత్తా దిష్టి?"

"నేనే. నోట్లో మాట లేని పిల్ల క్రేటెక్కి మాట్లాడతా ఉంటే, కండ్లార్పకుండా అట్లనే సూస్తి."

శిక్షణలో నేర్పిన మాట ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. పొయ్యి దగ్గరే కూర్చుని బెల్టు సంగతి చెప్పాను, సోమవారం సంగతీ చెప్పాను. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. దుప్పటితోనే వీధి దాకా వచ్చి, నేను ఎక్కి కూర్చున్నాక కమ్మీ పట్టుకుని లోపలికి వంగింది.

"పొద్దున్నే వస్తా, వాళ్ళకి నేను చెప్తాలే. ఇంకమీద తిట్టాలంటే నలుగురిలో తిట్టు పాపా, మేమూ తిడతాం, సరిపోతాది. మెచ్చుకోవాలంటే మాత్రం నా పక్కకొచ్చి చెవిలో చెప్పు."