టీచరమ్మ నడిచిన ఐదు రోజులు

ఆ రోజుల్లో అంటే ఎప్పటివో అనుకునేరు, మొన్నమొన్నటివే. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు, కొత్తగా అక్షరాలు వచ్చాయి. కనబడ్డ కాగితం మీదల్లా రాసేదాన్ని. నారాయణఖేడ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా పని. నాకు చదువు చెప్పింది అక్కడే ఉండే రిటైరైన టీచరమ్మ. (బెత్తం లేదు కానీ, ఆ చూపు చాలు.) నాకు రాయడం వచ్చిందని మా నర్సు సిస్టరమ్మ అందరి కార్డులు నింపే పని నాకిచ్చింది: ఎవరు తిన్నారు, ఎవరు నడిచారు, ఎవరిని పట్టుకుని లేపాలి. అందరికీ ఆమె ఒక్కతే. కార్డులో బాగుందని ఉంటే ఆ మంచం దాకా వచ్చేది కాదు.

ఒకనాడు టీచరమ్మ బాత్రూంలో జారింది. ఎట్లాగో మంచం మీదికి చేర్చాను, మళ్లీ లేవలేకపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నడుస్తలేనని రాయకే. రాస్తే వెనక గదిల ఏస్తరు. ఆడికి పోయినోళ్లు మళ్ల వరండాలకు వచ్చింది సూసినవా?" అంది. చూడలేదు. "నడిచింది" అని రాశాను. మర్నాడు ఆ ఒక్క మాట బోసిగా అనిపించి "రెండు చుట్లు నడిచింది" అన్నాను. ఐదో రోజుకు చెయ్యి బాగా తిరిగి, "మెట్లు ఎక్కి దిగింది" అని కూడా రాశాను.

"అక్కా," అంది సిస్టరమ్మ కార్డు చూసి, "మనకు మెట్లు యాడున్నయ్?"

మాది రేకుల షెడ్డు. ఆమె నేరుగా మంచం దగ్గరికి వచ్చింది. శిష్యురాలి పరువు పోతుందని కాబోలు, టీచరమ్మ నవ్వుమొహం పెట్టి "నడుస్త, సూడు" అంటూ లేవబోయింది. సగం లేచి నా కొంగు పట్టుకుని కూలబడింది. కళ్లలో నీళ్లు.

"ఎన్నొద్దుల సంది?" అంది సిస్టరమ్మ.

"ఐదొద్దులు," అన్నాను.

"కార్డు తేవే పిల్లా," అంది టీచరమ్మ. "నేను చెప్త, రాయి. లేవలేదు. నడవలేదు. మస్తు నొప్పి." రాసింది తీసుకుని చదివి, "గిప్పుడు మంచిగ రాసినవ్," అంది.

దవాఖానలో ఫొటో తీస్తే తుంటి ఎముక చిట్లిందన్నారు. మందు పడ్డాక, ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఆమె కంటినిండా నిద్రపోయింది. వెనక గదికే తెచ్చారు. వానలు మొదలవక ముందే పోయింది.

ఇప్పటికీ కార్డులు నేనే నింపుతాను. అప్పుడప్పుడు ఆ నలభై ఎనిమిదేళ్ల పిల్ల గుర్తుకొస్తుంది. ప్రేమ అనుకుని, ఒక ముసలామెకు ఐదు రోజులు మందు అందకుండా చేసింది. దాన్ని గట్టిగా తిట్టాలని కూర్చుంటాను. వేళ్లకు సిరా పూసుకుని అది ఎంత గర్వంగా నిలబడిందో తలుచుకుని, తిట్టలేక, చిన్నగా నవ్వి ఊరుకుంటాను.