దొంగను స్లోవాక్‌లో ఏమంటారంటే

నాకు స్లోవాక్ భాషలో వచ్చిన మాటలన్నీ దొంగతనానికి సంబంధించినవే. మంచినీళ్ళు అడగడం రాదు. బాత్రూమ్ ఎక్కడని అడగడం రాదు. ఆ దేశంలో నన్ను దింపేస్తే దాహంతో చచ్చిపోతాను గానీ, చచ్చేలోపు జేబుదొంగకీ, కన్నం వేసేవాడికీ, దారికాచి దోచుకునేవాడికీ ఉన్న తేడాల మీద వాళ్ళ పండితులకే పాఠం చెప్పగలను. ఈ పాండిత్యం నాకు ఒహాయోలో, ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ దగ్గర అబ్బింది.

డెబ్బైల చివర్లో మాట. ఆ ఫ్యాక్టరీలో నేను ఇంజనీర్‌ని. ఓనరమ్మ కింది వాటాలో, నేనూ మా ఆవిడా పై వాటాలో. ఆవిడ ఎత్తు నా మోచేతి దాకా వచ్చేది. గొంతు మాత్రం ఫ్యాక్టరీ సైరన్ కూడా వెళ్ళి ట్యూషన్ చెప్పించుకునే స్థాయిలో ఉండేది. పెళ్ళిచేసుకుని స్లోవాకియా నుంచి పడవెక్కి వచ్చింది. మొగుడు మా ఫ్యాక్టరీ కొలిమి దగ్గరే పనిచేసి, ఈ ఇల్లు తన చేత్తో కట్టి, వరండాకి చివరి మేకు కొట్టిన కొన్నేళ్ళకి పోయాడు. ఆ మేకు ఏదో కూడా ఆవిడకి తెలుసు. మేం ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజునే వేలు పెట్టి చూపించింది.

ఓనరమ్మనీ మా ఆవిడనీ కలిపింది శుక్రవారం. ఆవిడ చర్చి లెక్కన ఆ రోజు మాంసం ముట్టదు. మా ఆవిడ లక్ష్మీదేవి లెక్కన ఒక్క పొద్దు. అందుకని శుక్రవారం శుక్రవారం ఒక నీలిపూల గిన్నెలో కింద నుంచి పైకి పిరోహీలు వచ్చేవి. అంటే కజ్జికాయల్లాంటివే, లోపల కొబ్బరికి బదులు బంగాళాదుంప, వేయించడానికి బదులు ఉడకబెట్టడం. ఒక్కోటి మా ఫ్యాక్టరీలో పోతపోసినంత బరువుండేది. వచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపడం మా ఆవిడ వంశంలో లేదు. పులిహోరో, దద్ధోజనమో, కనీసం నాలుగు జంతికలో నింపి పంపేది. ఆ గిన్నె మెట్ల మీద ఎంత తిరిగిందంటే, దానికి కళ్ళుంటే ఒహాయో డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేవారు.

తర్వాత ఆవిడ కత్తెర పోయింది.

మొదట మర్యాదగానే అడిగింది, "నువ్వు నా కత్తెర బారో చేశావా?" అని. కొన్నాళ్ళకి బారో పోయి టేక్ వచ్చింది. ఆ తర్వాత టేక్ కూడా పోయి స్టీల్ వచ్చింది. దువ్వెన, జపమాల, ఎడమకాలి చెప్పు, ఒకసారైతే ఇంటి ముందు పేరుకున్న మంచు కూడా నేనే స్టీల్ చేశానంది. అప్పటికి ఎండ బాగా కాస్తోంది. ఒకరోజు పొద్దున మెట్ల కింద నిలబడి నన్ను చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు కదిలాయి, చెయ్యి గాల్లో ఏదో వెతికింది. చివరికి "జ్లోదెయ్!" అంది. అన్నాక ఆవిడ మొహంలో ఎంత నిశ్చింతో!

చర్చి బేస్‌మెంట్‌లో పాత సామాన్లు అమ్ముతుంటే ఒక ఇంగ్లీషు–స్లోవాక్ డిక్షనరీ తెచ్చుకున్నాను. మనల్ని ఏమని తిడుతున్నారో తెలుసుకోవడం కనీస పౌరధర్మం కదా. థీఫ్ దగ్గర చూస్తే జ్లోదెయ్ ఉంది. దొంగ. పిక్‌పాకెట్‌కి వ్రెత్స్‌కార్. అది ఆవిడ కోటు జేబులో రుమాలు కనిపించని రోజున నాకిచ్చిన బిరుదు. రాబర్‌కి లుపిచ్, అంటే బందిపోటు. ఇంక జ్బొయ్‌నీక్ అనే మాట ఉంది చూశారూ, అది అడవుల్లో ఉంటూ గొప్పవాళ్ళని కొట్టి పేదవాళ్ళకి పెట్టే దొంగలకి వాడే గౌరవ వాచకమట. ఉక్కుకి గిరాకీ పడిపోయి మా ఫ్యాక్టరీలో మనుషుల్ని ఇళ్ళకి పంపేస్తున్న ఏడాది అది. ఎవరికీ ప్రమోషన్ లేదు. నాకు మాత్రం ఇంట్లో మామూలు దొంగ నుంచి జ్బొయ్‌నీక్ దాకా ప్రమోషన్లు వచ్చాయి.

పక్క ఊళ్ళో డాక్టర్‌గా ఉన్న మా తెలుగు మిత్రుడు రోజూ ఫోన్ చేసేవాడు.

"ఏం గురూ, ఇవాళేం కొట్టేశావ్?"

"ఆవిడ కట్టుడు పళ్ళు."

"దొరికాయా?"

"ఫ్రిజ్‌లో, వెన్న పక్కన. తీసిచ్చా. పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ తిట్టింది. ఇందాక స్పష్టంగా రాలేదట."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి ఆగిపోయి, "ఇంగ్లీషు పోతోందన్నావ్ కదా," అన్నాడు. "తర్వాత నేర్చుకున్నది ముందు పోతుంది గురూ. చివరికి వాళ్ళమ్మ నేర్పింది మిగుల్తుంది. అదీ కొన్నాళ్ళే."

"మనకీ అంతేనా?"

"మనకి వేరే రూలేం పెట్టలేదు."

నా సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ ఆవిడ ఇల్లే పోయేలా ఉంది. ఒకసారి పోస్ట్‌మాన్ తన ఉత్తరాలు దొంగిలించాడని ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు చికాగోలో ఉన్న కూతురికి చేశారు. కూతురు రాత్రంతా డ్రైవ్ చేసుకుని వచ్చింది. చెడ్డమనిషి కాదు. మెట్ల మీద కూచుని, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని మాతో అంది: "అమ్మ ఇంట్లో ఎన్ని అన్నా ఫర్వాలేదు. బయటికి వెళ్తేనే భయం. ఇంకొక్కసారి పోలీసులు ఫోన్ చేస్తే నర్సింగ్ హోమ్‌లో చేర్చేస్తాను. ఇల్లు అమ్మేస్తాను. ఇంకేం చెయ్యమంటారు, చెప్పండి?"

లోపల్నుంచి ఓనరమ్మ ఇదంతా విన్నట్టుంది. కూతురు వెళ్ళాక మా ఆవిడ చెయ్యి పట్టుకుని, వరండాలో ఆ చివరి మేకు దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీద అరచెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపింది. తనని ఇంట్లోంచి పంపొద్దని చెప్పడానికి ఏ డిక్షనరీ అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ ఉపాయం చెప్పింది.

"ఏవండీ, ఇకమీదట ఆవిడేం పోయిందన్నా మీరే తీశానని ఒప్పేసుకోండి."

"ఎందుకు? గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో చెప్పుకోడానికా?"

"వేళాకోళం ఆపండి. దొంగ దొరక్కపోతే కదా పోలీసుల్ని పిలిచేది? దొరికితే ఇంక ఎందుకు?"

ఆ తర్కానికి సుప్రీంకోర్టు కూడా చేతులు కట్టుకు నిలబడాలి. డిక్షనరీ తిరగేసి మూడు మాటలు బట్టీపట్టాను. ఆనో, అంటే అవును. యా, అంటే నేనే. వ్రాతిమ్, అంటే తిరిగిచ్చేస్తాను. అప్పట్నుంచీ ఆవిడ "జ్లోదెయ్!" అనగానే నేను తలొంచుకుని "ఆనో. యా. వ్రాతిమ్," అనేవాణ్ణి. నేనూ మా ఆవిడా కిందకి దిగి ఓవెన్‌లో, బూట్లలో, పిండి డబ్బాలో వెతికేవాళ్ళం. దొరికింది తెచ్చి చేతిలో పెడితే ఓనరమ్మ నా చెవి పట్టుకుని ఊపి, బుద్ధిచెప్పి, ఒక బిస్కెట్ ఇచ్చి పంపేది. దొంగతనం మీద ఇంత నికరమైన ఆదాయం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. అలా రెండు చలికాలాలు ఆ ఇంటి దొంగతనాలు ఇంట్లోనే ఉండిపోయాయి.

ఒక శుక్రవారం పొద్దున. ఫ్యాక్టరీలో పని తగ్గించారు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. పిరోహీలు చెయ్యడం ఓనరమ్మ ఎప్పుడో మర్చిపోయింది. ముందురోజు ఆ నీలిపూల గిన్నెలో ఉడికించని బంగాళాదుంపలు పెట్టి పైకి పంపింది. ఆ గిన్నె ఇప్పుడు కావాలట. మెట్ల కింద నిలబడి "మిస! మిస!" అంటోంది. గిన్నె అని.

"ఆనో. యా. వ్రాతిమ్," అని కిందకి అరిచి, వంటింట్లోకెళ్ళాను. "గిన్నె ఇటివ్వు, తొందరగా."

"శుక్రవారం పూట ఖాళీ గిన్నె ఎలా పంపుతానండీ? పులిహోర కలుపుతున్నా. చింతపండు దగ్గరపడుతోంది. ఒక్క పావుగంట."

"ఆవిడ ఆగేలా లేదు. పోనీ కాస్త పంచదార వేసివ్వు."

"ఆవిడకి షుగరండీ! పంచదార పంపుతానా?"

నిజమే. మెట్ల మీదకొచ్చి మళ్ళీ "వ్రాతిమ్, వ్రాతిమ్," అన్నాను. కింద అలికిడి ఆగింది. శాంతించిందనుకున్నాం. ఆవిడ ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

ఆవాలు చిటపటలాడుతుండగా పోలీసాయన వచ్చాడు. తలుపులోంచి ఆయన ముందు పొట్ట, కాస్సేపటికి టోపీ, ఆ తర్వాత మనిషి వచ్చారు. ఎండుమిరపకాయల ఘాటుకి అక్కడే నిలబడి దగ్గాడు. దగ్గు తెరిపినిచ్చాక అడిగాడు.

"కిందున్నావిడ గిన్నె మీరు తీశారా?"

ఏడాదిన్నర అలవాటు. "ఆనో," అన్నాను.

మా ఆవిడ గరిటెతోనే అడ్డొచ్చింది. శుక్రవారం సంగతి, ఖాళీ గిన్నె సంగతి, చింతపండు సంగతి, తనకొచ్చిన ఇంగ్లీషంతా పోగేసి చెప్పింది. ఆయన గిన్నె వంక, బాణలి వంక చూశాడు.

"మా నానమ్మదీ ఈవిడ దేశమే," అన్నాడు. "పక్కింటి ప్లేటు ఖాళీగా తిరిగివ్వాల్సి వస్తే ఆ రోజంతా బయటికొచ్చేది కాదు."

"అయితే మీకు అర్థమైంది కదండీ?" అంది మా ఆవిడ, ఆశగా.

"నాకు అర్థమైందమ్మా. కానీ కాల్ వచ్చాక కూతురికి చెప్పకుండా ఉండలేను. ఆవిడే అలా అడిగింది." టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పులిహోర పెట్టి ఇచ్చెయ్యండి. చల్లారిపోతుంది."

ఇచ్చాం. ఓనరమ్మ వంటింటి బల్ల దగ్గర కూచుని నెమ్మదిగా తింది. కిటికీలోంచి, వెళ్ళిపోతున్న పోలీసు కారుని చూసింది. నావైపు తిరిగి, నా చేతి మీద చెయ్యి వేసి, ఎంతో జాలిగా అడిగింది: "ఉక్రద్లి?"

మీ ఇంట్లో ఏమైనా ఎత్తుకుపోయారా, అని.

కూతురు వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. సామాన్లు చాలావరకు చర్చి బేస్‌మెంట్‌కే వెళ్ళాయి. నీలిపూల గిన్నె మాత్రం మా ఆవిడ చేతికిచ్చి, "ఇది మీ దగ్గరే ఉంచండి," అంది. కారు ఎక్కించేటప్పుడు ఓనరమ్మ గొడవ చెయ్యలేదు. వరండా దిగుతూ చెయ్యి వెనక్కి చాచింది. మేకు అందలేదు.

ఇల్లు అమ్ముడుపోయాక మేం ఒక అపార్ట్‌మెంట్‌కి మారాం. ఒక శుక్రవారం గిన్నె నిండా పులిహోర పట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. ఆవిడ ఇంకా చిన్నదైపోయింది. కిటికీ పక్కన కుర్చీలో కూచుని ఒకే మాట పదే పదే అంటోంది. నర్సు మమ్మల్ని చూసి సంతోషపడింది.

"మీకు ఆవిడ భాష వచ్చా? పొద్దస్తమానం అదే. ఏదో ప్రార్థనేమో అనుకుంటున్నాం."

విన్నాను. "ఉక్రద్లి మి దొమ్. ఉక్రద్లి మి దొమ్."

నా ఇల్లు ఎత్తుకుపోయారు, అంటోంది. ఇన్నాళ్ళుగా ఎన్నెన్నో పోయాయంది, అన్నీ ఎక్కడో ఒకచోట దొరికాయి. ఇది మాత్రం నిజంగా పోయింది.

"ప్రార్థనే," అన్నాను నర్సుతో.

తర్వాత కుర్చీ ముందు కూచుని, అలవాటైన మూడు మాటలూ అన్నాను. "ఆనో. యా. వ్రాతిమ్." ఆవిడ ఆగింది. నన్ను గుర్తుపట్టిందో లేదో గానీ, దొంగని గుర్తుపట్టింది. కళ్ళలో పాత వెలుగు వచ్చింది. "కెది?" అంది. ఆ మాట నా డిక్షనరీలో దొంగతనాల పేజీల్లో లేదు. అయినా అర్థమైంది. ఎప్పుడు, అని.

మా ఆవిడ గిన్నె మూత తీసి చెంచా అందించింది. ఆవిడ పులిహోర మెతుకు మిగలకుండా తింది. తిని, గిన్నె మూతి తడిమి, తిరిగివ్వబోతూ ఆగింది. లోపలికి చూసింది. గౌను జేబులో వెతికి, ఏదో తీసి అందులో వేసి, అప్పుడు మా ఆవిడ చేతికిచ్చింది.

బంగారు రంగు అంచుల కళ్ళజోడు. ఆవిడది కాదు.

వస్తూ ఉంటే నర్సు వరండాలో ఎదురైంది. పక్క గదిలో ఒకావిడ కళ్ళజోడు పోయిందని పొద్దుట్నుంచీ వెతుకుతున్నారట. గిన్నెలోంచి తీసి ఇచ్చాను.

"ఇది మీకెక్కడిది?"

"నేనే తీశాను," అన్నాను.

నర్సు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ ఆ చూపులో ఉన్నాయి. వెనక గదిలోంచి సైరన్ లాంటి ఆ గొంతు మళ్ళీ మొదలైంది. "ఉక్రద్లి మి దొమ్."

కారులో ఇంటికొస్తుంటే గిన్నె మా ఆవిడ ఒళ్ళో ఉంది. శుక్రవారం. ఖాళీగా.