అల్లుడి డబ్బా, అత్తగారి జాడీ

వీధిలో అందరూ ఆమెను సున్నం పెద్దమ్మ అంటారు. ముప్పైరెండేళ్ళు ఇళ్ళకు సున్నం వేసిన మనిషి. మొదట్లో భర్త నిచ్చెన మీద, ఆమె కింద. ఆయన పోయాక నిచ్చెన మీదా కిందా ఆమే. గోడలన్నీ రంగు డబ్బాలకు అలవాటుపడి ఆమెను మరిచిపోయాక, కుంచెలు కడిగి ఎవరికో ఇచ్చేసి కూతురింటికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక్క జాడీని మాత్రం ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి చివరిసారి తడిపిన సున్నం అందులో ఉంది. నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళ కింద, వెన్నముద్దలా, నిద్రపోతున్నట్టు. గాలి తగలనంతకాలం సున్నం ముసలిదవదని ఆమెకు తెలుసు.

కూతురు దర్జీ. అల్లుడు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటికి వచ్చాక కూడా అతని కళ్ళు అంకెలే వెతుకుతాయి. అన్నం ఉడకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పగలడు, అత్తగారు రోజుకు ఎన్నిసార్లు నిట్టూరుస్తారో కూడా చెప్పగలడు.

ఆ అల్లుడి ప్రాణమంతా ముందుగదిలో, కిటికీ పక్కన ఉన్న అద్దాల తొట్టిలో ఉంది. అందులో ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, రెండు చేపలు. మధ్యలో చిటికెన వేలంత పగడపు కొమ్మ, చివర కాస్త ఊదారంగుతో, ఎవరో ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు నిలబడి ఉంటుంది. ఆర్నెల్లుగా అది అలాగే ఆగిపోయి ఉంది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

ఆర్నెల్లుగా అల్లుడు చేయని సేవ లేదు. ప్రతి సాయంత్రం దుకాణంలో కొన్న డబ్బా తీసి, చెంచాడు తెల్లపొడి సీసా నీళ్ళలో కలిపి, గిలకరించి, వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళేవాడు. పొద్దుటికి మడ్డి అడుక్కి దిగేది. పైనున్న సున్నపుతేటను, తొట్టిలో దీపం వెలిగే ముందే, సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా వదిలేవాడు. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక ఊపిరి తీసి వదిలేంత వ్యవధి. ఆవిరైపోయిన నీళ్ళ స్థానంలో ఈ నీళ్ళు చేరాలి, పగడానికి ఇదే తిండి అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. తర్వాత కాస్త తొట్టినీళ్ళు గాజుగొట్టంలో తీసి, మందు చుక్కలు వేసి, గులాబీరంగు నీలం అయ్యేదాకా లెక్కపెట్టి, నీళ్ళలో సున్నం ఎంతుందో నోటుబుక్కులో రాసుకునేవాడు. అంకె రోజురోజుకీ తగ్గేదే తప్ప పెరిగేది కాదు.

చివరికి కూతురు తేల్చేసింది. కుట్టుపని పెరిగింది, రెండో మిషను కొనాలి, వెలుతురున్న చోటు ఇంట్లో ఆ కిటికీ ఒక్కటే. రెండు నెలలు గడువు. తన టేపు మీద ఆ కొమ్మ అర సెంటీమీటరు పెరిగితే తొట్టి ఉంటుంది. లేకపోతే చేపలు, రాళ్ళు, పగడం అన్నీ ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోవచ్చు. అల్లుడు తలూపాడు కానీ, ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

తొట్టి ఉండనివ్వమని అనడానికి సున్నం పెద్దమ్మకు మొహం చెల్లదు. వచ్చిన కొత్తలో ఆ తొట్టిని చూసి, అద్దె కట్టకుండా అద్దాల మేడలో ఉండే చేపలంటూ అల్లుణ్ణి ఏడిపించింది ఆమే. కానీ ఒకరోజు అతను మాటవరసకు చెప్పిన మాట ఆమెను పట్టుకుంది. ఆ పగడం నీళ్ళలోంచి సున్నం తీసుకుని, పూత మీద పూత వేసుకుంటూ, తన ఇల్లు తానే కట్టుకుంటుందట. నిచ్చెన లేదు, కుంచె లేదు, కూలీ లేదు. అప్పట్నుంచీ మధ్యాహ్నాలు కూతురు మిషను తొక్కుతుంటే ఆమె తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేది. ఎవరైనా చూస్తే కాళ్ళ నొప్పులనేది.

గడువు పెట్టిన రెండో రోజు పొద్దున ఆమె వంటింట్లో ఆ సీసా చూసింది. చూసి ఆగిపోయింది. రాత్రంతా నిలిచిన సున్నపునీళ్ళ మీద, గాలి తగిలితే, పాలమీగడలా సన్నటి పొర కట్టాలి. మూత సరిగ్గా పెట్టని ఆ సీసాలో ఎక్కడా పొర లేదు. ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్దింది. బతికున్న సున్నం వేలిని సబ్బులా జారుస్తుంది, కాస్త కొరుకుతుంది. ఇది ఉత్త నీళ్ళలా ఊరుకుంది. అలమర పైన డబ్బా చూస్తే, చెంచా అందులోనే నిలువుగా ఉండి, మూత మొదట్నుంచీ సగమే పడుతోంది. గాలి తాగి తాగి ఆ పొడి ఎప్పుడో చచ్చి సుద్ద అయిపోయింది. పాపం పగడం ఆర్నెల్లుగా పస్తు.

చెబితే అయిపోయేది. కానీ అల్లుడు నలుగురి ముందూ ఆ డబ్బా గురించి ఎంత గొప్పలు పోయాడో ఆమె విన్నది. పైగా తొట్టి అంటే తనకూ ఇష్టమని ఒప్పుకోవాలి. అది అన్నిటికంటే కష్టం.

ఆ సాయంత్రం అతను స్నానానికి వెళ్ళగానే, ఆమె అతని సీసాలోని పాలనీళ్ళన్నీ తన చెంబులోకి వంపి, సీసా కడిగి, మంచినీళ్ళు పోసి, జాడీలోంచి పావు చెంచా సున్నం వేసి మూత బిగించింది. కొత్త గోడకు మొదటి పూత పల్చగానే వేయాలి. వారం తర్వాత అరచెంచా, ఆ తర్వాత చెంచా. రోజూ అదే పని. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగేలోపు చెంగుతో చెయ్యి తుడుచుకుని, అప్పుడే వచ్చినట్టు నిలబడేది.

పదిహేను రోజులకు నోటుబుక్కులో అంకెలు తలెత్తాయి. నెల తిరిగేసరికి కొమ్మ చివర ఊదారంగు కింద తెల్లటి కొత్త పూత. అల్లుడు ఏనుగెక్కినట్టు తిరిగాడు. అత్తగారికి కూడా పాఠం చెప్పాడు.

"ఓపిక ఉండాలి అత్తయ్యగారూ. మంచి సరుకు ఆలస్యంగా పనిచేస్తుంది."

"అవును బాబూ, డబ్బా చూస్తేనే తెలుస్తోంది," అంది ఆమె, పీట మీంచి లేవకుండా.

ఒక్కటే చిక్కు. రోజూ చెంబులో మిగిలే ఆ చచ్చిన మడ్డిని పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు. ముప్పైరెండేళ్ళలో చెంచాడు సున్నం నేలపాలు చేయని మనిషి. కుండలో కూడబెట్టి, ఇల్లు ఖాళీగా ఉన్నపుడు పెరటిమెట్ల పక్కన మాసిపోయిన చిన్న గోడకు పాత గుడ్డతో పూసేసింది. పట్టు లేని సున్నమని తెలుసు. ఎవరు చూడొచ్చారు అనుకుంది.

గడువు ముగిసింది ఆదివారం. అల్లుడు పొద్దుటే తొట్టి మోటారు తీసి, పెరటిమెట్ల మీద కూర్చుని, గోడకు ఆనుకుని శుభ్రంగా కడుక్కొచ్చాడు. కూతురు టేపు అద్దానికి ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. మళ్ళీ చూసింది. అర సెంటీమీటరు దాటి పైన ఇంకో గీత.

అల్లుడు సంబరం పట్టలేక గిర్రున తిరిగాడు. వీపంతా తెల్లగా ఉంది.

"పగడానికే కాదు, మీకూ పట్టిందే సున్నం," అంది కూతురు నవ్వుతూ.

అతను చొక్కా విప్పి చూసుకున్నాడు. పెరటిగోడ గుర్తొచ్చింది. ఆ గోడకు ఎవరు సున్నం వేసి ఉంటారో చెప్పడానికి మీటరు అక్కర్లేదు.

"అత్తయ్యగారూ, ఏమనుకోకండి," అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "మీరు వేసిన గోడ చేతికంటుకుంటోంది."

ముప్పైరెండేళ్ళలో ఆమె వేసిన గోడకు పెళ్ళిబట్టలతో ఆనుకున్నా మరక అంటలేదు. వీధిలో ఎవరైనా ఈ మాట అని ఉంటే కుంచె తిరగేసి కొట్టేది. నాలిక చివరిదాకా వచ్చింది: అది నా సున్నం కాదు నాయనా, నీ డబ్బాది. అనేస్తే పరువు నిలుస్తుంది. కానీ అల్లుడి ఏనుగు అక్కడే కూలబడుతుంది, పెంచింది ఆయన కాదంటూ కూతురు పందెమే చెల్లదనవచ్చు, కిటికీ పక్కకు మిషను వస్తుంది. తొట్టిలోకి చూసింది. కొమ్మ చివర కొత్త పూత, గోరంత, తడి ఆరనట్టు మెరుస్తోంది.

"వయసైపోయింది కదా బాబూ," అంది. "చేతిలో పట్టు పోయింది."

ఆమె జీవితంలో ఆడిన అతిపెద్ద అబద్ధం అదే. ఆ పూట అన్నం కూడా సరిగ్గా సహించలేదు.

కూతురు మాత్రం తల్లిని అదోలా చూసింది. ఆమె సున్నపు తొట్ల పక్కన పెరిగిన పిల్ల. లేచి పెరట్లోకి వెళ్ళింది. గోడ మీద వేలు రాసింది, వేళ్ళ మధ్య నలిపింది. తిరిగొస్తూ వంటింట్లో ఆగింది. అలమర పైన సగం మూతతో డబ్బా, మూలన మూత బిగించిన జాడీ. మూత తీసి చూస్తే జాడీలో సున్నం బెత్తెడు దిగి ఉంది. ముందుగదిలోకి వచ్చి టేపు మెడలో వేసుకుని, కొత్త మిషను పడకగదిలో వేయించుకుంటాను, అక్కడ ఒక లైటు పెట్టించండి అంది. అంతే. తల్లి కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు సాయంత్రం అల్లుడు సీసా గిలకరించి గట్టు మీద పెట్టాడు. ఆ రోజు నీళ్ళు రాలేదు, స్నానం లేదు. వంటింట్లోనే తచ్చాడుతుంటే సున్నం పెద్దమ్మ చెంబును చెంగు చాటున పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

అంతలో ముందుగదిలోంచి కూతురి పిలుపు. "ఇలా రండి, కొత్త చొక్కాకి కొలతలివ్వాలి. అటు తిరిగి నిలబడండి. కదలకండి, భుజం తప్పిపోతుంది."

జాడీ మూత చప్పుడు కాకుండా తెరుచుకుంది.

ఆ నెలలో అల్లుడికి మూడు చొక్కాలు వచ్చాయి. అన్నీ తెల్లవే. అడిగితే, మీ వీపుకి అదే నప్పుతుందని చెప్పింది కూతురు.