వాకిట్లో ఇసుక తీగ

మా చిన్నప్పుడు... అన్నంలో ఇసుక పంటికి తగలని రోజంటూ లేదు. అరవై ఏళ్ళ పైమాట. సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు. నాయన అక్కడి మిషన్ బడిలో పంతులు. అమ్మేమో కోవూరు వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషి... ఆ ఇసుకదిబ్బల మీదికి కాపురానికి వచ్చింది.

మధ్యాహ్నం గాలి లేచిందంటే ఇంట్లో అందరికీ చిరాకే. పక్కల మీద ఇసుక, పప్పు డబ్బాలో ఇసుక, బైబిలు పేజీల మధ్య ఇసుక. అమ్మకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఊడ్చి చేటకెత్తేలోపు మళ్ళీ పేరుకునేది... మళ్ళీ చీపురు పట్టేది. పుట్టింటి నుంచి తెచ్చి నాటిన మల్లె, కనకాంబరాలు ఉప్పుగాలికి మాడిపోయాయి.

బతికేది ఒక్కటే... దిబ్బ మీద నుంచి పాకుతూ వచ్చే ఇసుక తీగ. మేక గిట్టలా చీలిన ఆకులు, గరాటుల్లా ఊదా పూలు. నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు. అమ్మకు అదంటే ఒళ్ళుమంట. మా వైపు వాకిలి నున్నగా ఊడ్చి ఉంటేనే ఆ ఇంట్లో ఇల్లాలున్నట్టు లెక్క. తీగ పాకితే పాడుబడ్డ కొంప అనుకుంటారని, ఆదివారం ప్రార్థనకు నలుగురూ వచ్చేలోపే వేళ్ళతో సహా పెరికేసేది.

తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు, క్రిస్మస్ కాగానే కాన్పుకు బయలుదేరుతూ నాయనతో అంది, "ఈ ఇసకలో నా వల్ల కాదు. మళ్ళా వస్తానని మాత్రం అనుకోబాకండి."

నాయన పెట్టె తీసి బండిలో పెట్టాడు. బడి పోతుందని నన్ను ఆయన దగ్గరే వదిలింది. ఆ నెలలన్నీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బండి చప్పుడైతే వాకిట్లోకి పరుగు... తీరా చూస్తే వేరే ఎవరో. అమ్మ వస్తుందా అని అడిగితే, ముందు అన్నం తినమనేవాడు నాయన. ఆయన కాచిన చారు సంగతి అడక్కండి.

వాకిలి ఊడ్చే దిక్కు లేక తీగ గోడల దాకా వచ్చేసింది. ఎటు చూసినా ఊదా పూలే. మా దిగుల్లో మేముండి పట్టించుకోలేదు.

తమ్ముడికి ఐదో నెల వచ్చాక, అమ్మ ఆదివారం వస్తోందని కబురు. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ఈ అడవిని చూస్తే అమ్మ బండి దిగకుండానే వెనక్కి మళ్ళుతుందేమోనని. నాయనకూ అదే భయం కాబోలు, శనివారం పార పట్టాడు. కణుపు కణుపుకూ వేరు దిగింది... అంత తేలిగ్గా వస్తుందా! లాంతరు వెలిగించే వేళకు ముందు గది వైపు మాత్రమే పీకగలిగాం. వంటింటి వైపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, గాలి మంచి జోరు మీదుండగా అమ్మ దిగింది. చంకలో తమ్ముడు. ముందు గదిలో అడుగుపెట్టగానే కాళ్ళ కింద ఇసుక కరకరలాడింది. అమ్మ ముఖం మాడిపోయింది.

వంటింట్లోకి వెళ్ళింది... వంగి నేల మీద చెయ్యి పెట్టి చూసింది. ఇసుక లేదు. కిటికీలోంచి గాలి మాత్రం అంతే జోరుగా వస్తోంది. బయట దట్టంగా అల్లుకున్న తీగను చాలాసేపు చూసింది.

"ఈ తీగని పీకి పీకి, ఇన్నాళ్ళూ ఇసకని ఇంట్లోకి పిలిచింది నేనేనా" అంది నెమ్మదిగా.

తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి వాకిట్లోకి నడిచింది. ప్రయాణపు చీరైనా మార్చుకోలేదు. మేం పీకి కుప్పపోసిన తీగలు ఒక్కొక్కటే తీసి ముందు గది వైపు ఇసుకలో పాతడం మొదలుపెట్టింది. నాయన గడపలోనే నిలబడిపోయాడు.

"చూస్తా నిలబడితే ఎట్టా... బిందెడు నీళ్ళు తెండి. వేళ్ళు పట్టిందాకా రోజూ పొయ్యాల" అంది.

అమ్మ ఇక ఎక్కడికీ పోదని అప్పుడు తెలిసింది నాకు. ఏడుపొచ్చేసింది.

ఇప్పుడా దిబ్బలున్న చోట రొయ్యల గుంటలు. ఆ మధ్య వెళ్ళినప్పుడు చూస్తే వాకిళ్ళన్నీ సిమెంటే... ఒక్క ఊదా పువ్వయినా కనబడుతుందేమోనని అటూ ఇటూ తిరిగి తిరిగి బస్సెక్కేశాను. మీ అమ్మ తిట్టి తిట్టి చివరికి చేరదీసిన మొక్క ఏదైనా ఉందా... ఉంటే చెప్పండి, నా మనసు కాస్త కుదుటపడుతుంది.